పండుకున్న వెలుగు

మా పెద్దబాపు పోయారన్న కబురు అత్తాపూర్ నుంచి పాలబండి మీద వచ్చింది. నేను పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను. పట్నంలో పాలు పోసి తిరిగి వచ్చే బండి మా ఇంటి ముందు ఆగదు. ఆ రోజు ఆగింది. బండి తోలే ముసలాయన కిందికి దిగి, తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేత పట్టుకున్నాడు. అది చూడగానే నాకు అర్థమైంది.

"మీ పంతులు పోయిండమ్మా. రాత్రి తిని పండుకున్నడట. పొద్దుగాల లేవలే."

మా అత్తమ్మ లోపలి నుంచి వచ్చి గడప పట్టుకుని నిలబడింది. "దమ్ము గిట్ల లేచిందా? దవాఖానకు కొంచవోయిండ్రా?"

"లేదమ్మా. ఏం లేదు. నిద్రలనే."

అత్తమ్మ గడప మీద కూలబడి ఏడ్చింది. తోడబుట్టిన అన్న కదా. కొంతసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "సల్లగ పోయిండు. దవాఖాన మొఖం జూడకుంట పోయిండు. అడిగిందే దొరికింది ఆయనకు" అన్నది. పోయిన చలికాలం ఆయనకు ఊపిరి ఆడక కూర్చునే తెల్లవార్లూ గడిపిన రోజులు మేమంతా చూశాం. ఆ బాధ మళ్లీ వస్తుందేమోనని లోలోపల భయపడుతూనే ఉన్నాం. అందుకే కబురు విన్నప్పుడు ఏడుపుతో పాటు ఒక నెమ్మది కూడా వచ్చింది. ఈ మాట రాయవచ్చునా అని మొదట జంకాను. కానీ నీకు కనిపించింది నువ్వు చెప్పు, ఇతరులకు కనిపించింది ఇతరులు చెప్తారు అనేవారు ఆయన. అందుకని రాస్తున్నాను.

ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్లలో ఆయనను ఎరిగినవారు ఉండరు. పట్నంలో ఒక బడిలో పిల్లలకు శాస్త్రపాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్న పంతులు ఆయన. భార్య చాలా ఏళ్ల కిందటే పోయింది, పిల్లలు లేరు. ఏడాదిలో ఎక్కువ కాలం శంషాబాద్‌లో మా ఇంట్లోనే, చెల్లెలి దగ్గర ఉండేవారు. మనసు పుట్టినప్పుడు అత్తాపూర్‌లో ఉన్న పాత శిష్యుడి ఇంటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చేవారు. మా ఇంటాయనకు మేనమామ. నాకు వరుసకు పెద్దబాపు. నేను మూడో తరగతి వరకే చదివాను. నలుగురిలో నోరు విప్పడమంటే నాకు చెమటలు పట్టేవి. అలాంటి నేను ఇవాళ కలం పట్టుకోవడానికి కారణం ఉంది. ఒక సాయంత్రం మా బిడ్డ కనిపించకుండా పోయింది. ఆ సాయంత్రం మా ఊరి బండ గుంత ఒడ్డున ఆయన చేసిన పని, ఆ పని వెనక ఉన్న చదువు ఎక్కడైనా ఒకచోట అచ్చులో ఉండాలని నా కోరిక.

ముందు ఆ చదువు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే గుంత దగ్గర జరిగింది మీకు అర్థం కాదు.

నేను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఆయన ముందు గదిలో కూర్చుని ఉర్దూ పుస్తకం పైకి చదువుకుంటూ ఉండేవారు. ఆయన చదివిందీ, పిల్లలకు చెప్పిందీ ఉర్దూలోనే. ఆ చదువులో మాటిమాటికీ "మౌజ్, మౌజ్" అని వినిపించేది. మా వైపు మౌజు అంటే జల్సా. సోకు చేసుకుని తిరిగేవాడిని మౌజు చేస్తున్నాడంటాం. ఇంత పెద్ద మనిషి పొద్దస్తమానం మౌజు గురించి ఏం చదువుతున్నాడా అని నాకు ఒకటే సిగ్గు. నేను లోపలే అనుకున్నది అత్తమ్మ పైకే అన్నది.

"ముసలితనాన నీకు మౌజులేందన్నా? కొత్తకోడలు వింటున్నది."

ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "మౌజంటే అలనే! చెర్ల రాయేస్తే లేస్తదే, అది."

"అయితె అల అనరాదు?"

"నలబై ఏండ్లసంది నోటికి మౌజే వస్తున్నది. ఇప్పుడు నాలిక మార్చుకోమంటవా?"

నేను తలుపు చాటు నుంచి నవ్వాను. ఆ నవ్వు ఆయనకు వినిపించింది. "ఏం బిడ్డా, నీకు అర్థమైందా?" అని అడిగారు. నేను తల ఊపాను. "తల ఊపుడు గాదు. నోటితోని చెప్పు. ఏం అర్థమైంది?" నేను మళ్లీ తలే ఊపాను. ఆయన కోపగించుకోలేదు. "తెల్వదంటె తప్పులేదు బిడ్డా. తెల్వక తల ఊపితె నాకు తోవ మూసేసినట్టు" అన్నారు. ఆ తరువాత ఆయన ఏది చెప్పినా చివర నా నోటితో ఒక్క మాటైనా చెప్పించుకునేవారు.

ఆయన మనసంతా వెలుగు మీదే ఉండేది. రేడియోలో పాట తెచ్చే మౌజు, కంటికి కనిపించే వెలుగు, రెండూ అక్కచెల్లెళ్లే అనేవారు. ఒకదాని అల పొడుగు, ఇంకోదాని అల కంటికి ఆననంత పొట్టి, అంతే తేడా. ఈ మౌజుల నడక ఎలాంటిదో చూపించడానికి ఒక రోజు వాకిట్లో నడిచి చూపించారు. ముఖం ముందుకు పెట్టి నడుస్తూ, ఒక చెయ్యి పైకీ కిందికీ, ఇంకో చెయ్యి పక్కకు ఇటూ అటూ ఆడించారు. "నేను పొయ్యేది ముందటికి. ఈ మీది చెయ్యి కరెంటుది, పక్క చెయ్యి సూదంటురాయిది. రెండూ ఒకదానికొకటి అడ్డం, నేను పొయ్యే తోవకు కూడ అడ్డం. రెండు చేతులూ ఒక్క పారే లేస్తయి, ఒక్క పారే దిగుతయి."

అత్తమ్మ చాట కింద పెట్టేసింది. "దేవుడు వచ్చినట్టున్నది. యాపమండ తేవాల్నా?"

"ఆగవే! బిడ్డా, ఇప్పుడు ఈ మౌజు నిలబడ్డదా, పండుకున్నదా?"

నేను ఆలోచించి, "ఒక చెయ్యి నిలబడ్డది, ఒక చెయ్యి పండుకున్నది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "సక్కగ అడిగినవ్! ఏ చేతిని జూసి పేరు పెట్టాలె అని గద? కరెంటు చేతిని జూసి పెట్టాలె. అది మీదికీ కిందికీ ఆడితె నిలబడ్డ మౌజు. పక్కకు ఆడితె పండుకున్న మౌజు." నేను అడగలేదు, చెప్పాను. అయినా నేను అడిగినట్టే తీసుకున్నారు. పిల్లలకు పాఠం చెప్పినప్పుడు కూడా అలాగే చేసేవారేమో.

దీనికి ఉర్దూ పుస్తకంలో నోరు తిరగని పేరు ఉండేది. మద్రాసు వైపు తెలుగు పుస్తకాల్లో ధ్రువణం అని రాస్తారట. "మనింట్ల మన పేరు" అని ఆయన నిలబడ్డది, పండుకున్నది, ఏటవాలుది, గిర్రున తిరిగేది అని నాలుగు పేర్లు పెట్టారు. మా ఇంట్లో ఉల్లిగడ్డ, మిరపకాయ ఎంతో ఈ పేర్లూ అంతే అయిపోయాయి.

గిర్రున తిరిగేదాన్ని చేంతాడుతో చూపించారు. బావి తాడు విప్పుకొచ్చి, ఒక కొస వాకిట్లో గుంజకు కట్టి, కిటికీ నిలువు ఊచల నడుమ నుంచి లోపలికి తెచ్చి, కొస చేత పట్టుకున్నారు. పైకీ కిందికీ ఊపితే అల ఊచల సందు నుంచి గుంజ దాకా పాక్కుంటూ పోయింది. పక్కకు ఊపితే ఊచలకు తగిలి అక్కడే చచ్చిపోయింది. గిర్రున తిప్పితే లోపల గిర్రున తిరిగింది కానీ, ఊచలు దాటాక పైకీ కిందికీ మాత్రమే ఆడింది. "గిర్రున తిరిగేదాంట్ల నిలబడ్డదీ ఉంటది, పండుకున్నదీ ఉంటది. కిటికీ సగాన్ని పోనిచ్చింది, సగాన్ని ఆపింది."

"నీళ్లు తోడే తాడుతోని మౌజులు తోడ్తున్నవా?" అని అత్తమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. "ఇగ సాలు, తాడియ్యి."

తాడు ఇచ్చేస్తూ ఆయన నాతో అన్న మాట నేను మరువలేదు. "బిడ్డా, ఇది పోలిక. పోలికల సగమే నిజం ఉంటది. నిజమైన మౌజుకు ఇనుప తీగెలు అడ్డంబెడితె కథ ఉల్టా అయితది. నిలబడ్డ తీగెలకు నిలబడ్డ మౌజే చిక్కుతది. దాని కరెంటు తీగె పొడుగూత ఉరుకుతది గద, ఆ ఉరుకుట్లనే అది ఖర్చయిపోతది. వాగు దాటేటప్పుడు కట్టె పట్టుకుంటం. దాటినంక కట్టె ఒడ్డునే పెట్టిపోవాలె."

నల్లద్దాలు వచ్చింది ఆ తరువాతి సంగతి. యుద్ధం ముగిసిన కొత్తలో, బేగంపేటలో విమానాలు దిగే మైదానంలో పనిచేసే ఆయన శిష్యుడొకరు, విమానం నడిపేవాళ్లు వాడి పడేసిన కళ్లద్దాలు రెండు జతలు తెచ్చి ఇచ్చాడు. ఒక జతకు కాడ లేదు, ఇంకో జతకు ముక్కు దగ్గర విరిగింది. ఆయన వాటిని రెండు చేతులా అందుకున్న తీరు చూస్తే బంగారం అనుకుంటారు. చట్రాల నుంచి అద్దం బిళ్లలు ఊడదీసి, ఉతికిన గుడ్డలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఆ బిళ్ల కిటికీ లాంటిదే, ఊచలు మాత్రం కంటికి కనిపించవు అన్నారు.

మామూలు వెలుగులో అన్ని రకాల మౌజులూ కలగలిసి ఉంటాయట. సంతలో జనం లాగా. కానీ నీళ్ల మీద ఏటవాలుగా పడి తిరిగి కంటికి కొట్టే మెరుపులో ఎక్కువగా పండుకున్నదే ఉంటుంది. బిళ్లను కంటికి పెట్టుకుని తిప్పుతూ పోతే ఒకచోట ఆ మెరుపు ఆరిపోతుంది, నీళ్ల లోపల ఉన్నది తేటగా కనిపిస్తుంది. ఇది ఆయన పెరట్లో నీళ్ల గాబు దగ్గర నాకు చూపించారు. మబ్బు, గోడ, వేపకొమ్మ నీళ్లలో మెరుస్తున్నాయి. బిళ్ల తిప్పాను. అవన్నీ తప్పుకుని, గాబు అడుగున పడిపోయిన గరిటె కనిపించింది. పది రోజులుగా ఆ గరిటె కోసం అత్తమ్మ నన్ను అనుమానంగా చూస్తున్నది.

"మరీ వంగి నిట్టనిలువుగ చూస్తే పనిజెయ్యది. మరీ దూరం చూసినా పనిజెయ్యది. ఇగో, గిట్ల, నిచ్చెన గోడకు ఆనిచ్చినంత వాలుగ చూడాలె. చూడంగనే చెప్పొద్దు. తిప్పి చూసి చెప్పాలె." ఆ చివరి మాట ఆయన ప్రతిదానికీ అనేవారు. జొన్నరొట్టె కాలిందా అని అడిగినా అదే, పొరుగువాళ్ల మీద ఎవరైనా చాడీ చెప్పినా అదే.

ఒక బిళ్ల మీద ఇంకోటి అడ్డంగా పెడితే రెండింటి వెనక అంతా చీకటి. అత్తమ్మకు చూపించారు. "చీకటే ఉన్నది. ఇందుట్ల ఏముంది వింత?" అన్నది. అప్పుడు ఆ రెండింటి నడుమ మూడో బిళ్లను ఏటవాలుగా దూర్చారు. చీకట్లోకి వెలుగు వచ్చింది. అత్తమ్మ ఉలిక్కిపడి, "ఇంకోటి అడ్డంబెడితె ఇంక చీకటి గావాలె గదా! గారడీ చేస్తున్నవా?" అన్నది. "గారడీ గాదే. నిలబడ్డదాన్ని ఒక్కపారి పండబెట్టలేం. నడుమ ఒకటి వాలుగ ఉంటె కొంత వంగి, కొంత వంగి, అవుతలికి చేరుతది" అన్నారు.

అత్తమ్మ చెడ్డది కాదు. నేనూ చెడ్డదాన్ని కాను. కానీ మొదటి ఏళ్లలో ఆమె నిలువైతే నేను అడ్డం. ఆమె గట్టిగా అడుగుతుంది, నేను నోరు మూసుకుంటాను. నోరు మూసుకోవడాన్ని ఆమె పొగరనుకునేది. "కోడలు పుస్తకం బట్టుకుంటె పొయ్యి ఎవరు బట్టుకోవాలె?" అని ఒక రోజు మండిపడితే, పెద్దబాపు ఆమె పక్షమూ పట్టలేదు, నా పక్షమూ పట్టలేదు. "నేను బట్టుకుంట" అని వెళ్లి పొయ్యి ముందు కూర్చుని ఊదగొట్టం ఊదారు. ఇల్లంతా పొగ. కళ్ల నీళ్లు కారుతూ బయటికి వచ్చిన అన్నను చూసి అత్తమ్మ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాసేపు నా చదువు సాగింది.

ఇక ఆ సాయంత్రం సంగతి.

దసరా పోయి వరికోతలు నడుస్తున్న రోజులు. మా బిడ్డకు అప్పుడు మూడేళ్లు. చిట్టి అని పిలుస్తాం. పొద్దు వాలాక అన్నం పెడదామని పిలిస్తే పలకలేదు. ఇంట్లో లేదు, పక్కింట్లో లేదు, గడ్డివాము దగ్గర లేదు. అప్పుడే పొలం నుంచి వచ్చిన మా ఇంటాయన రైలు స్టేషను వైపు పరుగెత్తి చూసి వచ్చారు. అక్కడా లేదు. ఇంతలో ఎవరో అరిచారు, బండ గుంత ఒడ్డున పిల్ల చెంబు ఉన్నదని.

బండ గుంత అంటే మా ఊరి బయట వెనకటికి రాళ్లు కొట్టిన చోటు. వానకాలం నీళ్లు నిండి నిలిచిపోతాయి. రాతి అడుగు మీద పేరిన బురదను కదిలించకపోతే నీళ్లు తేటగానే ఉంటాయి, కానీ నడుమ ఇద్దరు మనుషుల లోతు. ఒడ్డున పడి ఉన్నది మా చిట్టి ఆడుకునే ఇత్తడి చెంబే. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అది చల్లగా ఉంది.

ఎదురుగా దిగుతున్న పొద్దు. నీళ్లన్నీ కరిగిన వెండిలాగా మెరుస్తున్నాయి. కన్ను పెట్టి చూడలేకపోతున్నాం, లోపల ఏముందో ఏమీ తెలియడం లేదు. ఊళ్లో ఈత వచ్చినవాళ్లు పొలాల్లో ఉన్నారు. మా ఇంటాయనకు ఈత అంతంతమాత్రం. అయినా చొక్కా విప్పేశారు.

"నేను దిగుత మామా!"

"ఆగు!" పెద్దబాపు అంత గట్టిగా అరవగలరని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయాసపడుతూ వచ్చి మా ఇంటాయన చెయ్యి పట్టుకున్నారు. "గుడ్డిగ దిగితె అడుగుది బురదంత లేస్తది. ఇగ ఎవ్వలకూ ఏం కనవడది. యాడున్నదో చూసి చెప్త, సక్కగ ఆడికే దుంకు. ఒక్క గడియ."

గుడ్డ మూట విప్పి బిళ్ల తీసి కంటికి పెట్టుకున్నారు. ఒడ్డు బండ మీద మోకాళ్ల మీద కూర్చున్నారు. వాలు కుదరలేదు కాబోలు, బోర్లా పడుకున్నారు. ఊరి జనం చుట్టూ మూగారు. ఆయన నీళ్ల వైపు చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు, కానీ అందరికీ వినిపించేట్టు అన్నారు.

"పండుకున్నది. అంత పండుకున్నదే ఉన్నది."

చదివే అక్కలారా, మన తెలుగులో అల పండుకున్నా పండుకున్నది అనే అంటాం, ఆడపిల్ల పండుకున్నా పండుకున్నది అనే అంటాం.

"అయ్యో నా తల్లీ!" అని అత్తమ్మ రొమ్ము గుద్దుకుంటూ కూలిపోయింది. ఆడవాళ్లంతా ఒక్కసారి ఏడుపు అందుకున్నారు. నేనూ మొదట అదే అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నా కళ్లు ఆయన చేతి మీద ఉన్నాయి. ఆ వేళ్లు బిళ్లను నెమ్మదిగా తిప్పుతూనే ఉన్నాయి. ఆ గొంతు బిడ్డను నీళ్లలో చూసిన మనిషి గొంతు కాదు. వాకిట్లో పాఠం చెప్పే గొంతు.

ఊరి మగవాళ్లందరి ముందు, తల మీద కొంగు జారిపోయిన సంగతి కూడా తెలియకుండా, నేను అరిచాను.

"బిడ్డ గాదు! మౌజు! మౌజు పండుకున్నది!"

జనం నా వైపు తిరిగారు. "పిల్ల పోతె మౌజేందే? పిచ్చిలేసిందా ఏంది దీనికి?" అని ఒక ముసలామె నా భుజం పట్టుకుంది.

"పిచ్చి గాదు అవ్వా! మౌజంటె అల. ఎలుగు అల. నీళ్ల మీద గా మెరుపున్నదే, అది పండుకొని వస్తది. పెద్దబాపు గా మెరుపును అంటున్నడు. చిట్టిని అనలే. ఆ అద్దం తిప్పితె మెరుపు పోతది, అప్పుడు అడుగు కనవడ్తది. ఇంక తిప్పలే. ఇంక ఏం చూడలే!"

అన్ని మాటలు ఒక్క ఊపిరిలో నా జన్మలో మాట్లాడలేదు. పెద్దబాపు తల తిప్పకుండానే, "సక్కగ చెప్పినవ్ బిడ్డా" అన్నారు. "నా నోరు పాడుగాను. జర అందరు సప్పుడు జెయ్యకున్రి. ఇప్పుడు తిప్పుతున్న."

ఏడుపులు ఆగాయి. అత్తమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఆగింది.

"పోయింది మెరుపు. ఆఁ. అడుగు కనవడ్తున్నది. ఈ మూల బండ. దాని పక్కన పగిలిన కుండ. నడుమ తుమ్మకొమ్మ ఒకటి. ఆ మూల... ఆగున్రి. ఆ మూల కూడ బండనే. తెల్లగున్నది, బండనే." కొంచెం ముందుకు జరిగి మళ్లీ చూశారు. లేచి, ఇటువైపు బండ చాటు కనిపించదని, గుంత చుట్టూ తిరిగి అవతలి ఒడ్డున పడుకుని మళ్లీ చూశారు. ఆ తిరగడానికి పట్టిన సేపు నేను ఎలా నిలబడ్డానో నాకు తెలియదు. అవతలి నుంచి చెయ్యి ఎత్తారు.

"లేదు! బిడ్డ ఇందుట్ల లేదు!"

మా ఇంటాయనను పిలిచి, "నాయి ముసలి కండ్లు. నువ్వు చూడు" అని బిళ్ల ఇచ్చి, పక్కన పడుకోబెట్టి, ఎంత వాలుగా చూడాలో, ఎంత తిప్పాలో చూపించారు. ఆయనా చూశారు. "లేదు" అన్నారు. నన్నూ రమ్మన్నారు. చూశాను. వెండి రేకు ఎవరో పక్కకు లాగేసినట్టు మెరుపు తప్పుకుంది. పచ్చటి నీళ్ల అడుగున రాళ్లు, తుమ్మకొమ్మ, పగిలిన కుండ. ఇంకేమీ లేదు. ఏమీ లేకపోవడం అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మరి బిడ్డ ఎక్కడ? నీళ్లలో లేదని తెలిశాక జనానికి బుర్ర పనిచేసింది. పొద్దు వాలకముందు గుంత పక్కన ఎవరి బండి ఆగింది? పక్కింటాయన గడ్డి వేసుకుని పక్క ఊరు సాతంరాయికి, తన బిడ్డ అత్తగారింటికి పోయాడు. బండి ఇక్కడే నిలిపి ఎడ్లకు నీళ్లు పెట్టాడు. మా ఇంటాయన బాట వైపు పరుగు తీశారు. కానీ ఎక్కువ దూరం పోనక్కర లేకపోయింది. బాట మీద దుమ్ము లేస్తున్నది. పక్కింటాయన ఎడ్లను దౌడు తీయిస్తూ ఎదురొస్తున్నాడు, దూరం నుంచే అరుస్తున్నాడు.

"మీ పోరి నా బండ్ల ఉన్నది! గడ్డి దించుతుంటె దొరికింది! ఎప్పుడెక్కిందో నాకు ఎరుక లేదు!"

చిట్టి బండిలో కూర్చుని ఉంది. జుట్టు నిండా గడ్డి. నిద్ర మొఖం. నన్ను చూసి, నేనేదో తప్పు చేసినట్టు, "నాకు ఆకలైతుంది. నువ్వు బువ్వ పెట్టలే" అన్నది. నేను ఎత్తుకున్నాను. అత్తమ్మ నా చేతుల్లో నుంచి లాక్కున్నది. ఆమె చేతుల్లో నుంచి వాళ్ల నాయన లాక్కున్నారు. ముగ్గురం ఒకరి మీద ఒకరం పడి ఏడుస్తూ నవ్వుతూ ఉంటే మధ్యలో అది "నలిగిపోతున్న!" అని ఏడ్చింది.

అత్తమ్మకు అప్పుడు కోపం గుర్తొచ్చింది. అవతలి ఒడ్డు వైపు తిరిగి గొంతెత్తింది. "అన్నా! పండుకున్నది అంటవా? నా పానం సగం పోయింది!"

"నేను మౌజునన్ననే!"

"నీ మౌజు మన్నువడ! ఇంకోపారి నా ముందట పండుకున్నది అన్నవంటె సూడు!"

జనమంతా నవ్వారు. భయం దిగిపోయినవాళ్ల నవ్వు అది, ఒకసారి మొదలైతే ఆగదు. నా భుజం పట్టుకున్న ముసలామె నా తల మీద కొంగు సర్ది, "దీనికి నోరున్నదని ఇయ్యాల తెలిసింది" అన్నది. అత్తమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, "ఉంటది. మా అన్న నేర్పిండు" అన్నది. తరువాత ఆమె నన్ను చాలాసార్లు తిట్టింది కానీ, నేను మాట్లాడకుండా ఉంటే మాత్రం పొగరు అని మళ్లీ అనలేదు. ఏం చెప్పాలనుకున్నావో చెప్పు అని ఆగేది.

బిడ్డను భుజాన వేసుకుని అందరూ ఊరి వైపు కదిలారు. పెద్దబాపు రాలేదని నేనే వెనక్కి తిరిగాను. ఆయన అవతలి ఒడ్డునే, ఆ బండ మీద మళ్లీ బోర్లా పడుకుని ఉన్నారు. పంచెకు మట్టి. బిళ్ల కంటికే ఉంది. నేను దగ్గరికి పోయి, "పెద్దబాపూ, చిట్టి దొరికింది. ఇంక ఏం చూస్తున్నరు?" అని అడిగాను.

"ఏం లేదు బిడ్డా" అన్నారు. ఆయన చెంప మీద తడి ఉంది. కానీ పెదవుల మీద నవ్వు. "ఏం లేదు. గదే చూస్తున్న. మల్ల ఒక్కపారి చూస్తున్న."

నేను పక్కనే కూర్చున్నాను. పొద్దు కుంకే దాకా ఆయన అలాగే ఆ ఖాళీ అడుగును చూస్తూ ఉన్నారు, పండుగనాడు పిల్లవాడు కొత్త బట్టను చూసుకున్నట్టు. తుమ్మకొమ్మ మీదుగా రెండు చిన్న చేపలు అటు పోయి, ఇటు వచ్చాయి.